ఒకటో తారీఖు సంతకం

అరవై నిండినప్పుడు లెక్కల మాస్టారు "ఇంకో ఏడాది" అన్నాడు. అరవై ఒకటికీ అదే మాట. అరవై రెండుకి హెడ్మాస్టరు అడగడం మానేశాడు. కాగితం ముందే టైపు చేయించి బల్ల మీద పెడితే మాస్టారొచ్చి సంతకం గీకి పోయేవాడు. అరవై మూడుకి పిల్లలు ఆయన పేరే మార్చేశారు. బోర్డు దగ్గర నిలబడి "ఇంకో లెక్క చేద్దాం" అంటే చాలు, వెనక బెంచీలోంచి "ఇంకో ఏడాది చేద్దాం" అని సణుగుడు వినిపించేది. ఆయన వెనక్కి తిరిగేవాడు కాదు.

రూలు అలాంటిది. టీచరన్నవాడు అరవైకి దిగిపోవచ్చు. దిగకపోతే అరవై ఐదు దాకా ఉండొచ్చు, ఆపైన ఉంటానన్నా ఉండనివ్వరు. ఆలస్యం చేసిన ఒక్కో ఏడాదికీ పింఛను నూటికి ఆరు చొప్పున పెరుగుతుంది. ఐదేళ్ళూ ఆగితే నూరు కాస్తా నూట ముప్పై.

"ఆ పెరిగేది ఎవరు తింటారండీ?" అని భార్య అడిగింది ఒక పొద్దున, డబ్బాలో అన్నం సర్దుతూ.

"మనమే."

"ఎప్పుడు?"

మాస్టారు పేపరు అంచు మీద పెన్సిలుతో వేశాడు. ఐదేళ్ళు తీసుకోకుండా వదిలింది ఐదు వందలు అనుకుంటే, ఏడాదికి ముప్పై చొప్పున పూడాలంటే పదహారేళ్ళ ఎనిమిది నెలలు. అరవై ఐదు మీద అది కలిపితే...

"ఎనభై ఒకటి దాటి ఎనిమిది నెలలు."

"అప్పటికి ఉంటారా?"

"ఉంటే."

"మన మేడ మీదకి రెండు సార్లు ఎక్కితే మూడోసారి ఎత్తుకుని తీసుకురావాలి మిమ్మల్ని. ఎనభై ఒకటట! ఎనిమిది నెలలట!"

"జీతం వస్తోంది కదే మధ్యలో."

"వస్తోంది. మీరే రావట్లేదు ఇంటికి" అని మూత నొక్కి పెట్టింది.

అందరూ అది ఆశ అనుకున్నారు. ముసలాడికి ఇంకా ఎంత కావాలి అనుకున్నారు. స్టాఫు రూములో ఆటల మాస్టారు ఒకడు నోటికి తాళం లేనివాడు, మొహం మీదే అనేశాడు: "మాస్టారూ, పింఛను మీరు తీసుకోవడమే కాకుండా వచ్చే జన్మకి కూడా దాచుకుంటున్నారా?" అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వాడు. ఆశ అని అనుకుంటే మంచిదే. ఆశకి ఎవరూ కారణం అడగరు.

అది ఆశ కాదు. భయం.

రోజూ తొమ్మిదీ ఇరవైకి ఆయనకి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడేది. స్టాఫు రూము పై అంతస్తులో వసారా చివర. మెట్లు ఇరవై రెండు. ఎడమ చెప్పు మామూలుగా పడేది, కుడి చెప్పు కాస్త ఈడ్చుకుంటూ పడేది. టప్, సర్ర్. టప్, సర్ర్. పైమెట్టు మీద ఒక క్షణం ఆగేది, మనిషి ఊపిరి తీసుకున్నట్టు. తర్వాత వసారా. తర్వాత తలుపు దగ్గర ఇంతే ఇంత చీకటి పడేది, ఎవరో తల లోపలికి పెట్టినట్టు. అప్పుడు మాట.

"పెట్టావా?"

మాస్టారు పుస్తకంలోంచి తల ఎత్తకుండా పెదాలతో మాత్రం అనేవాడు: "పెట్టాను."

ఒకసారి గొంతు కూడా వచ్చేసింది. ఆటల మాస్టారు పక్కనే ఉన్నాడు. "ఏం పెట్టారు? ఎవరితో మాస్టారూ?" అన్నాడు. "ఏం లేదు, పేపరు సెట్ చేస్తున్నా, చివరి ప్రశ్న పెట్టాను" అన్నాడు ఈయన.

దయ్యాలున్నాయని ఆయన ఎప్పుడూ అనలేదు. లెక్కల మనిషి. అయినా తొమ్మిదీ ఇరవైకి క్లాసు లేకుండా టైంటేబులు వేయించుకునేవాడు. క్లాసులో ఉండగా వినబడితే, పిల్లల ముందు ఆ జవాబు చెప్పాల్సి వస్తుందని.

ఆ చెప్పులు బొమ్మల మాస్టారివి. చనిపోయి అప్పటికి ఐదేళ్ళు కావస్తోంది.

బొమ్మల మాస్టారు వయసులో రెండేళ్ళు పెద్ద. మనిషి మంచివాడే గానీ, గడియారానికీ ఆయనకీ పడేది కాదు. ఇంటి నుంచి బడికి పావుగంట నడక. ఆ పావుగంటలో గోడ మీద తడిమరక చూసి ఆగుతాడు, సైకిలు బాగుచేసేవాడి చేతులు చూసి ఆగుతాడు, ఎవరింటి కిటికీలోనో పిల్లి కూర్చుంటే దాని మెడ వంపు చూసి ఆగుతాడు. బడి తొమ్మిదికి. తొమ్మిదీ పదికి హెడ్మాస్టరు టీచర్ల హాజరు రిజిస్టరు తెప్పించుకుని, ఖాళీ గడి కనిపించిన చోటల్లా ఎర్రసిరాతో సున్నా చుడతాడు. తర్వాత వచ్చినవాడు ఆ సున్నా మీదే సంతకం పెట్టాలి. మూడు సున్నాలకి ఒక సెలవు పోతుంది.

కొత్తలో నెలకి నాలుగైదు సెలవులు ఎగిరిపోయాయి బొమ్మల మాస్టారికి. చూడలేక ఒక రోజు లెక్కల మాస్టారు తన గడి నింపి, కింద గడి కూడా నింపాడు. ఆయన సంతకం చిన్న పిల్లాడి బొమ్మలా ఉండేది, నేర్చుకోవడానికి ఒక పూట పట్టింది. ఆ రోజు బొమ్మల మాస్టారు తొమ్మిదీ ఇరవైకి తల లోపల పెట్టి, మొహం వేలాడేసి "పడిందా సున్నా?" అన్నాడు. "లేదు. నేనే పెట్టేశా" అన్నాడు ఈయన. అలా మొదలైంది. అది ఇరవై ఏళ్ళు సాగింది. ఇరవై ఏళ్ళూ తొమ్మిదికి రెండు సంతకాలు, తొమ్మిదీ ఇరవైకి ఒక ప్రశ్న, ఒక జవాబు. రెండోది పెడుతున్నానని ఈయన చేతికి తెలిసేదే గానీ ఈయనకి తెలిసేది కాదు, చొక్కా బొత్తాలు పెట్టుకున్నట్టు.

బొమ్మల మాస్టారు కూడా పింఛను పెరుగుతుందని రెండేళ్ళు ఆగి, అరవై రెండుకి కాగితం ఇచ్చాడు. నెల చివరి తారీఖున వీడ్కోలు సభ పెట్టారు. గోడగడియారం ఇచ్చారు. ఎవడికి ఏం ఇవ్వాలో తెలియని బడి అది. "ఇప్పుడిచ్చి ఏం లాభం!" అన్నాడాయన. హాలంతా పగలబడి నవ్వింది.

మర్నాడు ఒకటో తారీఖు. ఇక్కడ ఇంకో రూలుంది. దిగిపోతానని కాగితం ఇచ్చినవాళ్ళలో సగం మంది ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుంటారు. ఇంట్లో కూర్చోలేమనో, నూటికి ఇంకో ఆరు కలుస్తాయనో. వాళ్ళ కోసం ఒక వెసులుబాటు పెట్టారు. మళ్ళీ కాగితాలేవీ రాయక్కర్లేదు. మర్నాడు పొద్దున వచ్చి హాజరు రిజిస్టరులో సంతకం పెడితే చాలు, దిగిపోవడం రద్దయినట్టే, పనిలో ఉన్నట్టే. అందుకే దిగిపోయినవాడి పేరు కూడా బడి గుమాస్తా మరో నెల రిజిస్టరులో ఉంచుతాడు. ఏడో వరసలో బొమ్మల మాస్టారి పేరు అలాగే ఉంది. దాని ఎదురుగా ఒకటో తారీఖు గడి ఖాళీగా ఉంది.

లెక్కల మాస్టారు తొమ్మిదికి వచ్చాడు. పెన్ను తీశాడు. తన గడిలో పెట్టాడు. కింద గడిలో పెట్టాడు. పైకి వెళ్ళి కూర్చున్నాడు.

తొమ్మిదీ ఇరవైకి తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. ఆయన ఇంక రాడు కదా అని గుర్తొచ్చింది. గుర్తొచ్చిన మరుక్షణం చేతిలో పెన్ను కనిపించింది. లేచి కిందకి పరుగెత్తాడు. రిజిస్టరు అప్పటికే హెడ్మాస్టరు చూసి, ముద్ర వేసి, బీరువాలో పెట్టించేశాడు. కొట్టివేత నేరం, అందరికీ తెలుసు. చెప్పేస్తే ఇరవై ఏళ్ళ సంతకాలూ బయటపడతాయి. సరే, సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి ఇద్దరం కలిసి ఏదో ఒకటి ఆలోచిద్దాం, నవ్వుకుందాం అనుకుని పైకి వచ్చాడు.

పదకొండున్నరకి కబురొచ్చింది. బొమ్మల మాస్టారు తెల్లారుజామునే నిద్రలో పోయాడు.

చచ్చిపోయిన మూడు గంటల తర్వాత ఆయన పనికి హాజరయ్యాడు. రిజిస్టరు అదే చెబుతోంది.

దిగిపోయాక పోతే భార్యకి మూడింట రెండు వంతుల పింఛను బతికినన్నాళ్ళూ వస్తుంది. పనిలో ఉండగా పోతే దాచిన సొమ్ము ఒక్కసారి చేతిలో పెట్టి దణ్ణం పెడతారు. ఒక్క సంతకం తేడా. రెండు నెలల తర్వాత బొమ్మల మాస్టారి భార్య పింఛను ఆఫీసుకి వెళ్తూ, తోడు రమ్మని ఎవర్ని అడిగిందో చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా అన్నయ్యా అని పిలిచే మనిషినే.

కిటికీ వెనక గుమాస్తా రిజిస్టరు పేజీ నకలు బయటికి తోశాడు. "ఇదిగోనమ్మా. ఒకటో తారీఖు. సంతకం."

"ఆయన ముందు రోజే దిగిపోయారు బాబూ. సభ పెట్టారు. గడియారం ఇచ్చారు."

"దిగిపోయినాయన పొద్దున్నే వచ్చి సంతకం ఎందుకు పెట్టినట్టు? మనసు మారింది. చాలామందికి మారుతుంది."

"ఆరింటికే పోయిన మనిషి తొమ్మిదింటికి ఎలా వస్తారు?"

"డాక్టరు పదకొండని రాశాడు."

"డాక్టరు వచ్చింది పదకొండింటికి."

"నేననేది అదే. అంతకు ముందు ఎప్పుడు పోయారో కాగితం లేదు. వచ్చి సంతకం పెట్టి, నలతగా ఉండి ఇంటికెళ్ళి ఉంటారు. హెడ్మాస్టరు కూడా రాసిచ్చాడు, తను చూసేటప్పటికి సంతకం ఉందని."

హెడ్మాస్టరు అలా రాయకపోతే ఆయన మెడకి చుట్టుకుంటుంది. రాశాడు. తర్వాత బదిలీ అయిపోయాడు.

ఆమె పక్కకి తిరిగింది. "అన్నయ్యా, మీరు చెప్పండి. ఆ రోజు ఆయన బడికి వచ్చారా?"

కిటికీలోంచి గుమాస్తా కూడా చూశాడు. లెక్కల మాస్టారు చెప్పాల్సిన మాట మూడే అక్షరాలు. రాలేదు. ఆ మాట వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది. మరి సంతకం ఎవరు పెట్టారు?

"నేను... ఆ వేళ క్లాసులో ఉన్నానమ్మా. చూడలేదు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. దిగబోయే ముందు మెల్లగా అంది: "వెళ్ళారేమో అన్నయ్యా. ఇన్నేళ్ళ అలవాటు. ప్రాణం పోయినా కాళ్ళు ఆగలేదేమో. వెళ్ళి సంతకం పెట్టే ఉంటారు."

ఆమె వేళాకోళం ఆడలేదు. నమ్మేసింది. మర్నాటి నుంచే లెక్కల మాస్టారికి మెట్ల మీద చప్పుడు మొదలైంది.

తర్వాత ఆమె ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చీటీలు రాసే పనిలో చేరింది. అరవై దాటిన మనిషి పొద్దున ఎనిమిది నుంచి నాలుగు దాకా "పదిహేడు, పదిహేడు ఎవరండీ" అని అరుస్తూ ఉండేది. లెక్కల మాస్టారు ఒకసారి కవరులో డబ్బు పెట్టి ఇవ్వబోయాడు. "మీ జీతం నాకెందుకన్నయ్యా? ఆయనది ఆయన తెస్తారు ఎప్పటికైనా" అని కవరు తిరిగి ఈయన జేబులోనే పెట్టింది.

అప్పటికి లెక్కల మాస్టారికి అరవై నిండడానికి ఇంకో నెల ఉంది. ఆఫీసు పద్ధతి ఆయనకి తెలుసు. దిగిపోయేవాడి చివరి ఐదేళ్ళ రిజిస్టర్లు తెప్పించి, గడి గడీ సరిచూస్తారు. ఐదేళ్ళు దాటినవి చూడరు, తూకానికి వేసేస్తారు. పాత పింఛను తగాదాలు తిరగదోడడానికీ అదే గడువు. ఇప్పుడు దిగితే ఆ పేజీ ఎవడి కళ్ళ ముందుకో వెళ్తుంది. ఒకే సిరా, ఒకే ఒత్తుడు, పైదీ కిందదీ. ఐదేళ్ళు ఆగితే పేజీ ఉండదు. లెక్క సరిపోయింది. పింఛను పెరగడం దానికి పైపూత. మన మాస్టారు చేసిన లెక్కల్లో ఇంత శుభ్రంగా తేలింది మరొకటి లేదు. దాని గురించి ఇంతకంటే మెత్తగా చెప్పడానికి ఏమీ లేదు.

అరవై ఐదుకి ఇంకో మూణ్ణెల్లుందనగా, ఒక సోమవారం బడి గుమాస్తా బీరువా తెరిచి పాత రిజిస్టర్లు వసారాలో కుప్ప పోశాడు. "ఈ శనివారంతో గడువు తీరుతుంది, అప్పుడే బండి వస్తుంది మాస్టారూ. ఐదేళ్ళ చెత్త వదిలిపోతుంది" అన్నాడు తుమ్ముతూ.

మంగళవారం తొమ్మిదీ ఇరవై అయింది. చప్పుడు లేదు.

మాస్టారు తల ఎత్తి చూశాడు. తలుపు దగ్గర వెలుతురు వెలుతురుగానే ఉంది. తొమ్మిదీ పాతిక. లేచి వసారాలోకి వెళ్ళాడు. పైమెట్టు మీద నిలబడి కిందకి చూశాడు. ఇరవై రెండు మెట్లూ ఖాళీ. ఊరట కలగాలి. ఐదేళ్ళు దాని కోసమే కదా కాచుకుంది. కలగలేదు.

బుధవారం కూడా రాలేదు. మాస్టారు మెట్ల మధ్యలో కూర్చున్నాడు. ఆటల మాస్టారు కింది నుంచి వస్తూ "ఏం మాస్టారూ, ఆయాసమా? ఎత్తుకోనా?" అన్నాడు. ఈయన వినలేదు. చెవులు కింది మెట్టు మీదే ఉన్నాయి. రోజూ అడిగినన్నాళ్ళూ ఆ మనిషి ఎక్కడో ఉన్నట్టే. ఏదో ఒక రోజు వేరే జవాబు చెప్పొచ్చన్నట్టే. ఇప్పుడు అడిగేవాడు అడగడం మానేశాడు. ఇంక నీతో పని లేదు అన్నట్టు.

"పెట్టాను" అన్నాడు మాస్టారు గట్టిగానే. ఖాళీ మెట్లకి. "నేనే పెట్టాను."

గురువారం మధ్యాహ్నం కుప్పలోంచి ఆ ఏడాది రిజిస్టరు బయటికి లాగి గుడ్డసంచిలో పెట్టుకున్నాడు. "జ్ఞాపకానికా?" అన్నాడు బడి గుమాస్తా. "అవును" అన్నాడు. సాయంత్రం ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కోకుండానే భార్యకి మొత్తం చెప్పేశాడు.

ఆమె మధ్యలో ఒక్క మాట అనలేదు. అది ఎప్పుడూ జరగని సంగతి. అయ్యాక అడిగింది: "చెబితే ఏమవుతుంది?"

"దొంగ సంతకం రుజువైతే, అరవై దాటాక చేసిన ఏళ్ళకి పెంపు ఇవ్వరు. అరవైకి ఎంతో అంతే."

"అంటే ఈ ఐదేళ్ళూ?"

"ఉత్తివే."

"నేను కట్టిన డబ్బాలు కూడానా?" అంది. నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే విరిగిపోయింది. గోడకి ఆనుకుంది. "ఐదేళ్ళు ఆవిడ వస్తే నేను టీ పెట్టిచ్చాను. నా పక్కన కూర్చుని, 'ఆయన వెళ్ళి సంతకం పెట్టొచ్చారు వదినా' అని చెబితే, పాపం పిచ్చిది అనుకున్నాను. మీరు అక్కడే కూర్చుని పేపరు చదువుతున్నారు. చదువుతున్నారండీ మీరు!"

ఆయన సంచిలోంచి రిజిస్టరు తీసి ఆమె ముందు పెట్టాడు.

"రేపే వెళ్ళండి. శనివారం దాకా ఉంటే మళ్ళీ మీకు లెక్కలొస్తాయి."

శుక్రవారం ఒంటిగంటకి ఆస్పత్రిలో జనం పల్చబడ్డారు. బొమ్మల మాస్టారి భార్య చీటీల కట్ట పక్కన పెట్టి డబ్బా విప్పబోతోంది. "రండన్నయ్యా. ఒంట్లో బాలేదా? ఏ డాక్టరుకి రాయమంటారు?"

మాస్టారు కూర్చోలేదు. సంచిలోంచి రిజిస్టరు తీసి, ఆ పేజీ తెరిచి, చీటీల మీద పెట్టాడు. వేలు ఏడో వరస మీద ఆన్చాడు.

"ఇది నేను పెట్టానమ్మా."

ఆమె చూసింది. అర్థం కాలేదు. మాస్టారు చెప్పుకుపోయాడు. తొమ్మిదికి రావడం, అలవాటు, ఎర్రసున్నాలు, ఇరవై ఏళ్ళు, పరుగెత్తుకుని కిందికి వెళ్ళడం. చెప్పేకొద్దీ ఆమె మొహంలో కోపం వస్తుందని చూస్తున్నాడు. రాలేదు. వేరేది వచ్చింది.

"అయితే ఆయన వెళ్ళలేదా?"

"లేదమ్మా."

"ఆ రోజు బడికి రానేలేదా?"

"రాలేదు."

మూడక్షరాలు. ఐదేళ్ళు పట్టింది.

ఆమె ఆ గడి వైపు చూసింది. "నేను పక్కనే పడుకున్నాను అన్నయ్యా. ఆరింటికి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అయినా మీ మాట విన్నాక, సరే, లేచి వెళ్ళుంటారు, నాకు తెలీకుండా తలుపు తీసుకుని వెళ్ళి, పని చూసుకుని వచ్చి మళ్ళీ పడుకున్నారు అనుకున్నా. రోజూ పొద్దున అదే అనుకుంటూ లేస్తున్నా." గొంతు కొంచెం కూడా పెరగలేదు. "కిటికీ దగ్గర మిమ్మల్నే అడిగాను కదా."

"అడిగావమ్మా."

"క్లాసులో ఉన్నానన్నారు."

"అన్నాను."

వరసలో ఎవరో "ఇరవై రెండు పిలిచారా?" అని అడిగారు. "ఇంకా లేదండీ, కూర్చోండి" అంది. డబ్బా మూత పెట్టేసింది. చీటీల పుస్తకం పక్క సీటు పిల్లకి ఇచ్చి, చేతిసంచి భుజాన వేసుకుంది. "ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. నడవండి." అన్నయ్యా అనలేదు.

కిటికీ వెనక అదే గుమాస్తా. జుట్టు నెరిసింది. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మాస్టారూ, మీకింకా మూణ్ణెల్లే ఉంది. తెలిసే మాట్లాడుతున్నారా? ఐదేళ్ళ పెంపూ పోతుంది. నోటీసు వేరే వస్తుంది."

"తెలుసు."

"మీ మాట ఒక్కటే చాలదు. ఈవిడ మీద జాలితో చెబుతున్నారనొచ్చు ఎవరైనా." ఒక తెల్లకాగితం తోశాడు. "ఆయన సంతకం పెట్టండి. మూడుసార్లు. రిజిస్టరులో ఉన్నదానితో కలవాలి."

మాస్టారు పెన్ను తీశాడు. ఇరవై ఏళ్ళు రోజూ పెట్టిన సంతకం. గీత ఎక్కడికో పోయింది. గుమాస్తా పక్కన పెట్టి చూసి పెదవి విరిచాడు. రెండోసారి ఇంకా ఘోరం. ముసలివాడు ఎవడో తన పేరు తనే మర్చిపోయినట్టుంది.

"ఇది కలవదు మాస్టారూ. ఇలా అయితే కాగితం తీసుకోలేను."

ఆమె వెనకే నిలబడి ఉంది. "చూస్తూ పెట్టకండి" అంది. "మీరెప్పుడూ చూసి పెట్టలేదు కదా. అటు గోడ వైపు చూడండి."

మాస్టారు గోడ వైపు చూశాడు. తేమకి పెచ్చులూడిన గోడ. తనది ముందు పెట్టాడు, ఆగకుండా కింద రెండోది పెట్టాడు. చెయ్యి దానంతటది వెళ్ళి దానంతటది ఆగింది.

గుమాస్తా కాగితాన్నీ పేజీనీ పక్కపక్కన పెట్టి కళ్ళు చికిలించి చూశాడు. ఒకసారి మాస్టారి వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. ముద్ర కోసం లోపలికి వెళ్ళాడు.

రిజిస్టరు కిటికీ అంచు మీద తెరిచే ఉంది. ఆమె దాన్ని తన వైపు తిప్పుకుంది. ముందు నెల పేజీ తీసింది. ఏడో వరస పొడుగునా చక్కటి సంతకాలు, ఒక్కదాని మీద ఎర్రసిరా లేదు. అన్నిటి మీదా వేలు పోనిచ్చింది.

"ఇందులో ఆయన పెట్టినవి ఏవి?"

"ఈ పేజీలో లేవమ్మా."

"ఒక్కటి కూడానా?"

మాస్టారు దగ్గరికి జరిగి పేజీలు వెనక్కి తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. తను జ్వరంతో నాలుగు రోజులు పడుకున్న నెల. ఆరో వరసలో సెలవు, సెలవు, సెలవు, సెలవు. దాని కింద నాలుగు గళ్ళలో నాలుగు ఎర్రసున్నాలు. ఒక్కో సున్నా మీద, అడ్డదిడ్డంగా, సిరా పులుముకుని, గడి దాటిపోయిన సంతకం. ఒక సున్నాలో రెండు కళ్ళు, వంకర నోరు కూడా గీసి ఉన్నాయి.

"ఇవి" అన్నాడు.

ఆమె వంగి ఆ నోరు మీద వేలు పెట్టింది. చెరిగిపోతుందేమో అన్నట్టు వెంటనే తీసేసింది. లోపల ముద్ర కొట్టిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. ఆమె తల ఎత్తలేదు.

"ఇంకా ఉన్నాయా?" అంది.

మాస్టారు ఇంకో పేజీ తిప్పాడు.